అన్ని గుర్రాలకూ ఒకటే పుట్టినరోజు

పిల్లలూ! మీ ఇంట్లో తాతగారో నాయనమ్మగారో ఉంటే వారి బడి సర్టిఫికెట్టు ఒకసారి అడిగి చూడండి. అందులో పుట్టిన తేదీ జులై 1 అనో, జూన్ 1 అనో ఉన్నా ఆశ్చర్యపోకండి. పక్కింటి తాతగారిని అడిగితే ఆయన కూడా అదే తేదీ చెప్పవచ్చు. వాళ్ళంతా ఒకే రోజున పుట్టారా? లేదు. ఆ రోజుల్లో పల్లెల్లో పుట్టిన తేదీ రాసి పెట్టుకునేవారు తక్కువ. "నాట్లు వేసే రోజుల్లో పుట్టాడండీ" అని తల్లి చెబితే, పంతులుగారు వేళ్ళమీద లెక్కకట్టి, తనకు తోచిన తేదీ వేసి బడిలో చేర్చుకునేవారు.

అది తేదీ తెలియక చేసిన పని. కాని తేదీ బాగా తెలిసి, గంటతో సహా పుస్తకంలో రాసుకొని కూడా, అందరికీ ఒకటే పుట్టినరోజు పెట్టే చోటు ఒకటున్నది. అది పందెపు గుర్రాల లోకం. మన దేశంలోనూ, ఐరోపాలోనూ, అమెరికాలోనూ పందెపు గుర్రం ఏ నెలలో పుట్టినా సరే, రాబోయే జనవరి 1న దానికి ఒక ఏడు నిండినట్టే లెక్క! మార్చిలో పుట్టిన పిల్లకూ, మే నెలలో పుట్టిన పిల్లకూ ఒకే రోజున వయసు పెరుగుతుంది.

మరి డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్ల సంగతి ఏమిటి? పాపం, తెల్లవారేసరికి దానికి ఏడాది వయసు వచ్చేస్తుంది! ఇంకా తల్లి పాలు కుడుతున్న పిల్ల కాగితం మీద ఏడాది గుర్రం అయిపోతుంది. అందుకే గుర్రాలను పెంచేవారు ఏడాది చివర పిల్ల పుట్టకుండా చాలా జాగ్రత్త పడతారు.

ఈ వింత లెక్క ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మనం ఐర్లండు దేశం వెళ్ళాలి. రండి, పోదాం.

ఇంగ్లండుకు పడమట, సముద్రానికి అవతల, పచ్చగా ఉండే దీవి ఐర్లండు. దాని రాజధాని డబ్లిన్. అక్కడినుండి నైరుతి దిక్కుగా దాదాపు 50 కిలోమీటర్లు పోతే కిల్డేర్ అనే సీమ వస్తుంది. అక్కడ కర్రా అనే పెద్ద మైదానం ఉన్నది. పేరు వింటే మన చేతికర్ర గుర్తుకు వస్తుంది గాని, దానికీ దీనికీ సంబంధం లేదు. దాదాపు 5,000 ఎకరాల బీడు అది. కంచెలు లేవు, చేలు లేవు. గొర్రెలు తిరుగుతూ గడ్డి మేస్తుంటాయి. ఉదయం పూట గుర్రాలు వరుసలు కట్టి దౌడు తీస్తుంటాయి.

ఈ మైదానం గురించి అక్కడివారు ఒక కథ చెప్పుకుంటారు. చాలాకాలం క్రితం బ్రిజిడ్ అనే సాధ్వి మఠం కట్టుకోవడానికి రాజుగారిని కాస్త స్థలం అడిగిందట. రాజు నవ్వి, "నీ పైవస్త్రం పరిస్తే ఎంత మేర కప్పుతుందో అంత నేల తీసుకో" అన్నాడట. ఆమె తన వస్త్రాన్ని నేలమీద పరిచింది. అది పెరిగి పెరిగి మైదానమంతా కప్పేసింది! చూశారా, మూడడుగుల నేల అడిగిన మన వామనుడి కథకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో! బలిచక్రవర్తి లాగానే ఆ రాజు కూడా మాట ఇచ్చి చిక్కుపడ్డాడు.

ఈ కర్రా మైదానంలోనే ఐరిష్ డెర్బీ అనే పేరుపొందిన పందెం జరుగుతుంది.

డెర్బీ అనేది ఒక ప్రభువు పేరు. 1780లో ఇంగ్లండులోని ఎప్సమ్ అనే ఊళ్ళో మూడేళ్ళ గుర్రాలకు ఒక పందెం మొదలుపెట్టారు. దానికి డెర్బీ ప్రభువు పేరు పెట్టాలా, ఆయన స్నేహితుడు బన్‌బరీ పేరు పెట్టాలా అని బొమ్మా బొరుసూ వేశారనీ, డెర్బీ ప్రభువు గెలిచాడనీ చెబుతారు. పేరు డెర్బీది అయింది గాని, మొదటి ఏడు పందెం గెలిచిన గుర్రం మాత్రం బన్‌బరీదే! దాని పేరు డయొమెడ్. ఆ తరువాత ఏ దేశంలో మూడేళ్ళ గుర్రాలకు పెద్ద పందెం పెట్టినా దానికి డెర్బీ అనే పేరు పెట్టడం అలవాటయింది.

ఐర్లండులో ఐరిష్ డెర్బీ 1866లో మొదలయింది. మొదటి ఏడు గెలిచిన గుర్రం పేరు సెలిమ్. అప్పుడు దూరం ఒకటిముప్పావు మైలుకు మూడు గజాలు ఎక్కువ. 1872నుండి దాన్ని ఒకటిన్నర మైలు చేశారు. మైలుకు 8 ఫర్లాంగులు గదా, అంటే 12 ఫర్లాంగులు. మన లెక్కలో రెండు కిలోమీటర్ల నాలుగువందల మీటర్ల పైచిలుకు. పందెపు బాట లాడం ఆకారంలో ఉంటుంది. గుర్రాలు కుడిచేతి వైపుకు తిరుగుతూ పరుగెత్తుతాయి. చివర్లో నేల కాస్త ఎత్తుకు లేస్తుంది. అలసిన గుర్రానికి అసలు పరీక్ష అక్కడే.

పందెం న్యాయంగా జరగాలంటే ఏం చేయాలి? మీరు బడిలో పరుగుపందెం పెట్టుకుంటే ఏం చేస్తారు? అందరినీ ఒకే గీత మీద నిలబెడతారు. ఐదో తరగతివాళ్ళను పదో తరగతివాళ్ళతో కలపరు. ఇక్కడా అంతే. దూరం అందరికీ ఒకటే. బరువు కూడా ఒకటే ఉండాలి. రౌతునూ, జీనునూ కలిపి తూస్తారు. ఏ గుర్రమైనా దాదాపు 57, 58 కిలోల బరువు మోయాలి. రౌతు మరీ తేలికగా ఉంటే జీను కింద సీసపు బిళ్ళలు పెడతారు. పందెం అయిన తరువాత మళ్ళీ తూస్తారు, దారిలో బరువు ఎవరూ తగ్గించుకోకుండా! ఆడగుర్రాలు కాస్త తేలిక గనుక వాటికి 3 పౌన్లు, అంటే ఒక కిలో మూడువందల యాభై గ్రాములకు పైగా, తగ్గిస్తారు. 1900లో గాలినారియా అనే ఆడగుర్రం ఈ పందెం గెలిచింది. మళ్ళీ ఒక ఆడగుర్రం గెలవడానికి సరిగా 90 ఏళ్ళు పట్టింది. 1990లో గెలిచిన ఆ గుర్రం పేరు సల్సబీల్.

ఇక వయసు. ఈ పందెంలో మూడేళ్ళ గుర్రాలే పరుగెత్తాలి. రెండేళ్ళది పనికిరాదు, నాలుగేళ్ళది పనికిరాదు. పోయిన ఏడు గెలిచిన గుర్రం ఈ ఏడు రావడానికి వీలులేదు. ఏ గుర్రానికైనా బతుకు మొత్తం మీద ఈ పందెం ఒక్కసారే. ఆ రోజున జలుబు చేసినా, కాలు బెణికినా అంతే. వచ్చే ఏడు చూద్దామంటే కుదరదు.

ఇప్పుడు జనవరి 1 ఎందుకు వచ్చిందో తెలిసిందా? గుర్రాలు వేరు వేరు తేదీల్లో పుడతాయి. ఒక్కొక్కదాని తేదీ చూసి, ఇది ఈ వారం మూడేళ్ళది, అది వచ్చే వారం మూడేళ్ళది అని లెక్కపెడుతూ కూర్చుంటే పందెం ఎప్పుడు జరగాలి? అందుకని ఒక ఏడాదిలో పుట్టినవన్నీ ఒక తరగతి అన్నారు. ఈ లెక్కవల్ల చిన్న చిన్న చిత్రాలు కూడా జరుగుతాయి. మన ముంబయిలో 1943నుండి ఇండియన్ డెర్బీ జరుగుతున్నది. అది ఫిబ్రవరిలో వస్తుంది. అప్పటికి జనవరి 1 దాటిపోయి ఉంటుంది గనుక అందులో పరుగెత్తే గుర్రాలు లెక్క ప్రకారం నాలుగేళ్ళవి!

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియాలో మాత్రం గుర్రాలకు పుట్టినరోజు ఆగస్టు 1. ఎందుకంటే గుర్రాలు వసంతంలో ఈనుతాయి. మనకు వసంతం ముందుగా వస్తే వాళ్ళకు ఆరునెలల తరువాత వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉన్నది. కాని ఇందులో ఒక తిరకాసు ఉన్నది, కనిపెట్టారా?

జనవరి 10న పుట్టిన పిల్ల ఒకటి, అదే ఏడు మే 27న పుట్టిన పిల్ల ఒకటి అనుకోండి. ఐరిష్ డెర్బీ జూన్ నెలాఖరుకు వస్తుంది. ఆనాటికి రెండూ కాగితం మీద మూడేళ్ళవే. కాని నిజంగా మొదటిదానికి నలభై ఒక్క నెలలు నిండాయి, రెండోదానికి ముప్పయిఏడు నెలలే. నాలుగు నెలలు ఒక లెక్కా అంటారేమో! ఎదిగే వయసులో నాలుగు నెలలంటే తక్కువ కాదు. మీ తరగతిలోనే చూడండి. ఒకే తరగతి పిల్లల్లో ఏడాది పెద్దవాళ్ళూ, ఏడాది చిన్నవాళ్ళూ ఉంటారు. ఒకటో తరగతిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. పదో తరగతికి వచ్చేసరికి కనిపించదు. మూడేళ్ళ గుర్రం మన లెక్కలో ఇంకా మీసాలు రాని కుర్రవాడన్నమాట. తేడా పూర్తిగా చెరిగిపోని వయసు అది.

గుర్రం కడుపున పిల్ల ఉండేది దాదాపు పదకొండు నెలలు. పిల్ల పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. వసంతంలో, గడ్డి బాగా పెరిగే రోజుల్లో పుట్టడం దాని సహజ ధర్మం. కాని జనవరి 1 లెక్క వచ్చిన తరువాత, ఎంత ముందు పుడితే అంత లాభం అయింది. అందుకని చలికాలంలో గుర్రపుశాలల్లో రోజుకు పదహారు గంటలపాటు దీపాలు వెలిగించి ఉంచుతారు. పగలు పొడుగైంది, వసంతం వచ్చిందని ఆడగుర్రం ఒళ్ళు భ్రమపడుతుంది. కాగితం మీద రాసిన ఒక తేదీ కోసం మనుషులు వసంతాన్నే ముందుకు జరపాలని చూశారు!

పుట్టిన వేళకు మన వాళ్ళు జాతకం వేయిస్తారు గదా. గుర్రాలకు జాతకం వేయించినవాడు కూడా ఉన్నాడు సుమా! కర్రా మైదానానికి దగ్గరలోనే టల్లీ అనే చోట, 1900లో, విలియం హాల్ వాకర్ అనే సైనికాధికారి గుర్రాల క్షేత్రం ఒకటి పెట్టాడు. ఆయనకు జ్యోతిషం మీద అపారమైన నమ్మకం. ప్రతి పిల్ల పుట్టిన ఘడియ రాసుకొని దానికి జాతకచక్రం వేయించేవాడు. జాతకం బాగులేని పిల్లను అమ్మేసేవాడు. చంద్రుడి వెలుగూ, చుక్కల వెలుగూ గుర్రాల మీద పడాలని శాలల కప్పులకు అద్దాలు పెట్టించాడు. ఆ శాలలు ఇప్పటికీ ఉన్నాయి. తరువాత ఆయన క్షేత్రాన్ని ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ఈనాడు అది ఐర్లండు జాతీయ అశ్వక్షేత్రం.

ఆయన పెంచిన గుర్రాలు పందేలు గెలవలేదా అంటే, గెలిచాయి. ఆయన క్షేత్రంలో పుట్టిన మినోరు అనే గుర్రం 1909లో ఎప్సమ్ డెర్బీ గెలిచింది. అయితే ఒక్క మాట ఆలోచించండి. ఆయన దగ్గర మంచి తల్లిగుర్రాలు ఉన్నాయి. మంచి గడ్డి ఉన్నది. మంచి సైసులు ఉన్నారు. గెలుపు వీటివల్ల వచ్చిందా, చుక్కలవల్ల వచ్చిందా? తేల్చాలంటే జాతకం బాగులేని పిల్లలను కూడా అంతే శ్రద్ధగా పెంచి చూడాలి. అలా చూడకుండా చెప్పే మాట శాస్త్రం కాదు.

సరే, జాతకం మాట అటుంచి, ఆలస్యంగా పుట్టిన పిల్ల నిజంగా వెనకబడుతుందా? ఒక పొట్టి గుర్రం కథ చెబుతాను, వినండి.

కెనడా దేశంలో 1961 మే 27న ఒక పిల్ల పుట్టింది. ఇందాక చెప్పిన తేదీ గుర్తున్నది గదా! ఆ ఏటి పిల్లల్లో అది చాలా ఆలస్యంగా పుట్టినది. దాని తోటివి నెలల పిల్లలై గెంతుతుంటే ఇది అప్పుడే కళ్ళు తెరిచింది. ఏడాది గుర్రంగా దాన్ని అమ్మకానికి పెట్టి 25,000 డాలర్లు అడిగారు. పొట్టిగా ఉన్నదని ఎవరూ కొనలేదు. చివరికి యజమానే ఉంచుకున్నాడు. దాని పేరు నార్దర్న్ డాన్సర్. 1964లో అది అమెరికాలోని కెంటకీ డెర్బీ గెలిచింది. కెనడాలో పుట్టిన గుర్రం ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. ఒకటింపావు మైలు దూరాన్ని సరిగా రెండు నిమిషాల్లో పరుగెత్తింది. అంతకు ముందు ఆ పందెంలో అంత వేగంగా పరుగెత్తిన గుర్రం లేదు!

ఐరిష్ డెర్బీ కథ చెబుతూ కెనడా ఎందుకు పోయామంటారా? ఆ పొట్టి గుర్రం కొడుకు పేరు నిజిన్‌స్కీ. ఐర్లండులో తర్ఫీదు పొంది, 1970లో ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ రెండూ గెలిచింది. ఆ ఏడే ఇంగ్లండులో మూడేళ్ళ గుర్రాలకు పెట్టే మూడు పెద్ద పందేలూ గెలిచింది. ఆ తరువాత ఆ మూడూ కలిపి గెలిచిన గుర్రం మరొకటి రాలేదు. ఆ పొట్టి గుర్రానికి ఇంకొక కొడుకు సాడ్లర్స్ వెల్స్. సాడ్లర్స్ వెల్స్ కొడుకు గెలీలియో 2001లో ఐరిష్ డెర్బీ గెలిచింది. గెలీలియో కొడుకు ఆస్ట్రేలియా 2014లో గెలిచింది. ఎవరూ కొనని ఆ మే నెల పిల్ల వంశం ఎంత పెద్దదయిందో చూశారా!

వంశం అంటే గుర్తుకు వచ్చింది. ఈ పందెపు గుర్రాల జాతిని థరోబ్రెడ్ అంటారు. మనకు గోత్ర ఋషులు ఉన్నట్టే, ఈ గుర్రాలన్నిటికీ తండ్రుల వరుసలో మూలపురుషులు మూడే మూడు మగగుర్రాలు: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు దేశాలనుండి ఇంగ్లండు చేరినవే. 1791నుండి ఈ జాతి గుర్రాల తల్లిదండ్రుల పేర్లు పుస్తకంలో అచ్చువేస్తున్నారు.

ఇక గుర్రం ఒంట్లో ఏమున్నదో చూద్దాం. 1992లో సెయింట్ జోవైట్ అనే గుర్రం ఎప్సమ్ డెర్బీలో రెండోదిగా వచ్చింది. గెలిచినది డాక్టర్ డీవియస్. కొద్ది వారాలకు రెండూ ఐరిష్ డెర్బీలో మళ్ళీ కలుసుకున్నాయి. ఈసారి సెయింట్ జోవైట్ దాన్ని 12 గుర్రాల పొడవు వెనక్కు వదిలేసి గెలిచింది! పట్టిన సమయం 2 నిమిషాల 25.60 సెకండ్లు. గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగం. అది కూడా వీపున మనిషిని మోస్తూ!

అది ఎలా వీలయింది? మనిషి గుండె బరువు మూడువందల గ్రాములు. గుర్రం గుండె నాలుగైదు కిలోలు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు అది నిమిషానికి ముప్పయి, నలభై సార్లు కొట్టుకుంటుంది. దౌడులో రెండువందల ఇరవై సార్లు దాటుతుంది. గుర్రం ప్లీహంలో ఎర్ర రక్తకణాలు దాచి ఉంటాయి. పరుగు మొదలుకాగానే ప్లీహం ముడుచుకొని వాటిని రక్తంలోకి పంపుతుంది. చేటకాలానికి గాదెలో దాచిన ధాన్యం తీసినట్టు! ఇంకొక వింత, గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. దౌడులో ఒక్కొక్క అంగకు ఒక్కొక్క ఊపిరి. అంగ దాదాపు ఏడు మీటర్లు. సెకనుకు రెండు అంగలకు పైన. అంటే సెకనుకు రెండుసార్లకు పైన ఊపిరి!

ఇంత బలమున్న గుర్రానికి బలహీనమైన చోటు ఒకటున్నది. అది కాలు. గుర్రం మోకాలి కింద కండ ఉండదు. ఎముకా, దాన్ని పట్టి ఉంచే నరాలూ, చర్మమూ మాత్రమే. గిట్ట అంటే ఒకే ఒక వేలి గోరు. దౌడులో ఒక్కొక్క క్షణం ఒళ్ళంతా ఒక్క కాలి మీద దిగుతుంది. నాలుగైదువందల కిలోల బరువుకు రెండింతలకు మించిన తాకిడి ఆ కాలు తట్టుకోవాలి. కాలు విరిగితే మనలాగా మంచం మీద నెలలు పడుకోలేదు. మిగిలిన కాళ్ళ మీద బరువంతా పడి ఆ గిట్టలూ చెడిపోతాయి. అందుకే చాలాసార్లు ఆ గుర్రాన్ని బతికించడం సాధ్యం కాదు.

పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే మెత్తని భాగం ఉంటుంది. గుర్రం మోకాలి పైన ఆ భాగం గట్టిపడడానికి రెండు, రెండున్నర ఏళ్ళు పడుతుంది. వెన్నెముకలోని ఎదుగుదల ఐదేళ్ళు వచ్చినా సాగుతూనే ఉంటుంది. అలాగని శాలలో కట్టేసి ఉంచినా తప్పే. కొద్దికొద్దిగా పరుగెత్తిస్తేనే ఎముక గట్టిపడుతుంది. ఎప్పుడు ఎంత పరుగెత్తించాలి? ఇది జనవరి 1 చెప్పదు. చుక్కలూ చెప్పవు. పశువైద్యుడు ఎక్స్‌రే తీసి చూడాలి. రోజూ గుర్రాన్ని నడిపించే సైసు దాని కాలు తడిమి, వేడిగా ఉన్నదా, వాచినదా అని చూడాలి. కాగితం మీద వయసు పందెం నడపడానికి పనికివస్తుంది. గుర్రాన్ని కాపాడడానికి ఒంట్లో ఉన్న వయసు తెలియాలి. "ఇంకా పసిది, ఈ ఏడు వద్దు" అనగల మనిషి దొరికిన గుర్రమే అదృష్టం గల గుర్రం.

కాని అలా అనడం కష్టం. పందెం బతుకులో ఒక్కసారే గదా! పైగా దాని వెనక డబ్బు ఉన్నది.

1930లో ఐర్లండులో ఆస్పత్రుల కోసమని ఒక పెద్ద లాటరీ పెట్టారు. గుర్రప్పందేల మీద నడిచే ఆ లాటరీ టిక్కెట్లు దేశదేశాల్లో అమ్మారు. దాంతో ఆస్పత్రులు కట్టిన మాట నిజమే. కాని జనం ఇచ్చిన డబ్బులో ఆస్పత్రులకు చేరింది చిన్న భాగమే. 1987లో ఆ లాటరీ మూతపడింది. 1962లో ఆ లాటరీవారు ఐరిష్ డెర్బీకి బహుమానం ఎంతో పెంచారు. అంతవరకూ ఇంటి పందెం లాంటిది, ఆ ఏటినుండి పరదేశపు గుర్రాలు పోటీపడే పందెం అయింది. ఆ ఏడే ఫ్రాన్సునుండి వచ్చిన టాంబొరీన్ అనే గుర్రం, ఆర్కిటిక్ స్టార్మ్ అనే ఐర్లండు గుర్రాన్ని కొద్దిపాటి తేడాతో ఓడించింది.

డబ్బు పెరిగితే ఏమవుతుందో షెర్గార్ కథ చెబుతుంది. ముఖం మీద తెల్లటి మచ్చ ఉన్న అందమైన గుర్రం అది. 1981లో ఎప్సమ్ డెర్బీని 10 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. తరువాత ఐరిష్ డెర్బీ కూడా గెలిచింది. దాని ధర ఒక కోటి పౌన్లుగా లెక్కకట్టి, నలభై వాటాలుగా పంచారు. పందేలు మానిపించి కర్రాకు దగ్గరలోని ఒక క్షేత్రంలో ఉంచారు. 1983 ఫిబ్రవరి 8 రాత్రి ముసుగులు వేసుకున్న సాయుధులు వచ్చి దాన్ని బండిలో ఎక్కించుకొని పోయారు. డబ్బు ఇస్తేగాని వదలమన్నారు. ఎంత వెతికినా షెర్గార్ మళ్ళీ కనిపించలేదు. అప్పటికి దానికి ఐదేళ్ళు. దాని పిల్లలు ఒక్క ఈతవే మిగిలాయి. తనను ఎక్కించుకొని పోతున్నవాళ్ళకు అది ఒక కోటి పౌన్ల సొమ్ము. దానికి మాత్రం అది ఎప్పుడూ ఎక్కే బండి లాంటిదే మరొక బండి.

పెద్దలకు ఒక మాట. పందెం కాసే ఆట గురించి పిల్లలు అడిగితే కసరుకోకండి. గుర్రం అందం చూడడం వేరు, దాని మీద ఇంటి డబ్బు ఒడ్డడం వేరు అని చెప్పండి. పాచికల దగ్గర ధర్మరాజంతటివాడు ఏమయ్యాడో వాళ్ళకు తెలుసు.

ఇక పిల్లలకు మూడు లెక్కలు. సమాధానాలు కాగితం మీద రాసి మీ మాస్టారికి చూపించండి.

ఒకటి: సెయింట్ జోవైట్ 12 ఫర్లాంగులు 145.6 సెకండ్లలో పరుగెత్తింది. ఒక్కొక్క ఫర్లాంగుకు సరాసరి ఎన్ని సెకండ్లు? ఫర్లాంగు అంటే దాదాపు 201 మీటర్లు. మీ బడి మైదానంలో అంత దూరం కొలిచి, మీకు ఎంతసేపు పడుతుందో కూడా చూడండి.

రెండు: అంగ ఏడు మీటర్లయితే, 2,414 మీటర్ల పందెంలో గుర్రం ఎన్నిసార్లు ఊపిరి తీస్తుంది?

మూడు: ఒక పిల్ల సెప్టెంబరు 2న ఆస్ట్రేలియాలో పుట్టింది. అదే రోజున ఇంకొకటి ఐర్లండులో పుట్టింది. లెక్క ప్రకారం ఏది ముందుగా మూడేళ్ళది అవుతుంది? ఎన్ని నెలలు ముందు?

మూడోది చేసేటప్పుడు తొందరపడకండి. పెద్దవాళ్ళు కూడా అక్కడ పొరబడతారు!